గిర్ని గోడ సగం నీలం

2025 నవంబరు 14, శుక్రవారం. దోహాలోని నజ్మా పేట, ఖలీల్ చాయ్ హోటల్ మేడమీది గది. సాయంత్రం, సంతాప సభ.

హాజరు: హోటల్ యజమాని ఖలీల్, నిజామాబాద్ వాడు. చనిపోయినాయన ఊరివాడు, తాపీమేస్త్రి నర్సయ్య. ఖతర్ ఉత్తర కొసన మదీనత్ అల్ షమాల్‌లో ఒక అరబ్బుల ఇంట పనిచేసే ఓబులమ్మ, కడప జిల్లా. నేను. ఇంకా ఆయన దగ్గర టికెట్లు తీసుకున్న హౌస్ డ్రైవర్లు, క్యాంపు పనివాళ్ళు కొందరు.

ఎక్కడ నలుగురు కూర్చున్నా వచ్చినవాళ్ళ పేర్లు ముందు రాసుకోవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. దోహాలో ఒక కంపెనీలో మీటింగుల వివరాలు రాస్తూ రాస్తూ రిటైరయ్యాను. ఇప్పుడు ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మా అమ్మాయి దగ్గర ఉంటూ, సాయంత్రాలు నజ్మా దాకా నడిచి టీ తాగి వెళ్తుంటాను. చనిపోయినాయన పేరు మాత్రం డైరీలో రాయలేదు. ఇక్కడా రాయను. ఊళ్ళో ఆయన పిల్లలు కాలేజీకి వెళ్తున్నారు. తండ్రి పేరు వాళ్ళు ఇంకా చాలాచోట్ల చెప్పుకోవాల్సి ఉంటుంది.

సభలో ఒక్కొక్కరే లేచి ఆయన చాలా మంచివాడన్నారు. నిజమే. ఆయన మంచితనం నేను కళ్ళారా చూశాను. అదే నా బాధ.

పేరుకు పక్కనున్న ట్రావెల్స్‌లో కౌంటర్ ఉన్నా, ఆయన అసలు ఆఫీసు కింద ఖలీల్ హోటల్లో గోడవారగా ఉన్న బల్ల. సన్నటి మనిషి. చొక్కా కాలరు లోపల చేతిరుమాలు మడిచి పెట్టుకునేవాడు. ఎవరో ఒకరొచ్చి లేవమంటారన్నట్టు కుర్చీలో సగమే కూర్చునేవాడు. కొత్తవాడెవడైనా కనిపిస్తే చాలు, పక్క కుర్చీ లాగి అడిగేవాడు.

"ఏ ఊరన్నా?"

ఆ వచ్చినవాడు జిల్లా పేరు చెప్పేవాడు.

"జిల్లా కాదన్నా, ఊరు. బస్సు ఎక్కడ దిగాలె?"

ఇక అక్కడి నుంచి మొదలు. సాసర్లో ఒలికిన టీలో వేలు ముంచి బల్లమీద రోడ్డు గీసేవాడు. ఉప్పు డబ్బా పెడితే గుడి. చక్కెర పొట్లాలు ఇళ్ళు. "బస్సు దిగినం. తర్వాత? ఎడమకా, కుడికా? బోరింగు ఇటు దిక్కా, అటు దిక్కా? మీ సందుల మొదలు ఎవలిల్లు?" అని అడుగుతూ అడుగుతూ ఆ మనిషిని వాడి గుమ్మం దాకా తీసుకుపోయేవాడు. అప్పటికి వాడు తనే వేలు పెట్టి వాకిలి చూపిస్తుండేవాడు. ఈయన నవ్వి, "గంతే. ఇగ మీ ఇంట్ల మీరున్నట్టే" అని అరచేత్తో బల్లను తుడిచేసేవాడు.

తుడిచినా మరిచేవాడు కాదు. ఏడాది తర్వాత అదే మనిషి కనబడితే, "మీ చెరువు కట్ట మీద రోడ్డు పడ్డదా అన్నా?" అనేవాడు. దోహాలో సొంత అన్నదమ్ములు కూడా అడగని ప్రశ్న అది. అందుకే ఎవరికి టికెట్ కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. వెళ్ళేవాళ్ళతో ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి, అద్దాల అవతల వాళ్ళు కనుమరుగయ్యేదాకా చెయ్యెత్తి నిలబడేవాడు.

తను మాత్రం ఊరికి వెళ్ళేవాడు కాదు. అడిగితే, "పోత సారూ, వచ్చే రంజాన్ దాటినంక" అనేవాడు. రంజాన్లు దాటిపోయాయి. తల్లి పోయినప్పుడు కూడా వెళ్ళలేదని సభలో నర్సయ్య చెప్పేదాకా నాకు తెలియదు.

ఫుట్‌బాల్ పోటీలు ముగిసి, కట్టడాల పనులు తగ్గి, మనుషులు ఖాళీ అవుతున్న రోజుల్లో ఆ బల్లమీద కొత్త రోడ్డు ఒకటి కనిపించడం మొదలైంది. మెక్సికో. ఇక్కడి నుంచి రెండు మూడు దేశాలు మారి అక్కడికి చేరాలి. ఒక చిన్న ఊళ్ళో కొన్నాళ్ళు ఆగాలి. ఆ తర్వాత సరిహద్దు దాటించేవాళ్ళు వచ్చి అమెరికాకు తీసుకుపోతారు. ఇదీ ఏర్పాటు. దీని వెనక బొంబాయిలో ఎవరో ఉన్నారని, ఈయన చేతిలో ఉన్నది విమానం ఎక్కించడం వరకేనని తర్వాత ఖలీల్ ద్వారా తెలిసింది. అప్పట్లో మాకు వినిపించింది ఆ ఊరు ఒక్కటే.

ఎంత బాగా చెప్పేవాడో! బస్సు దిగగానే పిండి గిర్ని. దాని గోడకు నీలం రంగు సగమే ఉంటుంది. వేస్తూ వేస్తూ పెయింటరు నిచ్చెన మీంచి పడ్డాడు, మిగతా సగం ఎవరూ వేయలేదు. గిర్ని పక్క నుంచి మట్టిరోడ్డు. కొంచెం పోతే వాగు. వాగు మీద కల్వర్టు, దానికి ఒక పక్క రాయి లేదు, బండి మీద వెళ్ళేవాళ్ళు చూసుకోవాలి. వాగు దాటితే ఊరు. ఊరి వెనక గుట్ట. గుట్ట మీద ఒక గుండు, ఆ గుండు మీద ఇంకో గుండు, తోస్తే పడేట్టు ఉంటుంది, కానీ పడదు. ఊరి మొదట్లో ఒక ముసలమ్మ దుకాణం. ఆమెకు ఒక కన్ను లేదు. బియ్యం బస్తా మీద కూర్చుని ఉంటుంది. ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా ముందు తినమంటుంది, తర్వాత ఎవరని అడుగుతుంది.

"అక్కడ అన్నం దొరుకుతదా అన్నా?" అని ఎవరో అడిగారు.

"మక్క రొట్టె తింటరు. మనోళ్ళ లెక్కనే. కారం మనకంటె ఎక్కువ. నాగజెముడు మట్టలు గూడ కూర వండుకుంటరు."

ఓబులమ్మ తమ్ముడు సుబ్బరాయుడు అప్పుడు అక్కడే ఉన్నాడు. షమాల్‌లోనే ఒక ఇంట్లో డ్రైవరు. "నాగజెముడు గూడా తింటారా? అట్లయితే మా కడపోళ్ళ కంటే కరువు చూసినోళ్ళన్నా వాళ్ళు!" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, సుబ్బరాయుడి భుజం తట్టి, "గంతే తమ్మీ. ఇగ మీ ఇంట్ల నువ్వున్నట్టే" అన్నాడు.

సుబ్బరాయుడు వెళ్ళాడు. మెక్సికోలో విమానం దిగిన రోజు అక్కకు ఫోన్ చేశాడు. పొద్దున బస్సెక్కిస్తారంట, ఊరు చేరినాక చేస్తా అన్నాడు. అదే ఆఖరు. ఊళ్ళో తల్లికి ఓబులమ్మ ఈ సంగతి చెప్పలేదు. కొడుకు ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాడని ఆమె అందరితో చెప్పుకుంటోంది. ఖతర్ కూడా ఆమెకు దుబాయే.

అప్పటి నుంచి సెలవు దొరికిన ప్రతి శుక్రవారం ఓబులమ్మ షమాల్ నుంచి బస్సెక్కి దేశం ఆ కొస నుంచి ఈ నడిబొడ్డుకు వచ్చేది. మొదట్లో పోట్లాడటానికే వచ్చింది. "మా వాడు యాడుండాడు చెప్పు, లేకుంటే ఈడ్నే కూసుంటా" అని ఆ బల్ల ఎదుటే కూర్చుంది. ఆయన కోప్పడలేదు, తప్పించుకోలేదు. నారింజపండు ఒలిచి, తొనలు విడదీసి ఆమె ముందు పెట్టి, టీలో వేలు ముంచాడు.

"ఇగో అక్కా, ఇది గిర్ని. మీ తమ్ముడు ఇక్కడ దిగిండు. వాగు దాటిండు. దుకాణపామె ఇంట్లనే ఉన్నడు. నాకు కబురచ్చింది. ఫోన్లు అక్కడ పనిచేయవు."

వారం వారం ఆ ఊరు పెరిగింది. ఒక శుక్రవారం వాగు వచ్చింది, దారి ఆగిపోయింది. ఇంకో శుక్రవారం అంగడి నాడు సుబ్బరాయుడు ముసలమ్మకు బస్తాలు మోసిపెట్టాడు. ఓబులమ్మ పోట్లాట మానేసింది. వచ్చి, టీ తాగి, తమ్ముడి ఊరు విని, ఆఖరి బస్సుకు వెళ్ళిపోయేది. "వాగు తగ్గిందాన్నా?" అని తనే అడిగేది. ఒకసారి ఆ దుకాణం ముసలమ్మకు చీర పంపవచ్చా అని కూడా అడిగింది.

నేను మాత్రం ఒక రోజు ఆయన్ని నిలదీశాను. సుబ్బరాయుడి కోసం ఎంబసీకి అర్జీ రాద్దామని కూర్చుంటే, చివరిసారి ఉన్న ఊరు అన్న చోట ఏం రాయాలో తెలియలేదు. పేరు లేకుండా ఎవరు మాత్రం ఎక్కడని వెతుకుతారు?

"ఆ ఊరి పేరు చెప్పవయ్యా" అన్నాను.

"పలుకరాదు సారూ. వాళ్ళ భాష వేరే."

"రాసి చూపించు."

"చిన్న ఊరు సారూ. పటంల ఉండదు."

"సరే. గిర్ని దగ్గర బస్సు దిగి నిలబడితే గుట్ట ఎటువైపు?"

కనురెప్ప వాల్చలేదు. "పడమర. పొద్దుగూకంగ గుట్ట నీడ గిర్ని మీద పడ్తది. నీలం సగం ముందు నల్లగయితది. తర్వాత తెల్ల సగం."

అబద్ధమాడేవాడు దిక్కు దగ్గర తడబడతాడని నా లెక్క. ఈయన తడబడలేదు. పైగా చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు నన్ను చూడటం లేదు, ఆ గోడనే చూస్తున్నాయి. ఆ ఊరు ఎక్కడో ఉంది, ఈయనకు తెలుసు అనుకున్నాను. నా అంచనాలో తప్పు లేదు. ఊరు ఉంది. ఈయనకు తెలుసు.

మొన్న మంగళవారం గదిలో గుండె ఆగి పోయాడు. కబురు వినగానే ఓబులమ్మ నాకు ఫోన్ చేసి మొదట అడిగింది ఇదే: "సార్, ఊరి పేరు ఎవురికన్నా చెప్పి చచ్చినాడా?"

ఆ పేరు కోసమే ఆమె సభకు వచ్చింది. మేడమీద అడుగు పెట్టగానే వచ్చిన ప్రతివాణ్ణీ అడిగింది. ఎవరికీ తెలియదు. వెనక వరసలో మూలకు కూర్చుంది.

చివర నర్సయ్య లేచాడు. అతన్ని మేమెవరం అంతకుముందు చూడలేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంటాడు. సొంత ఊరివాణ్ణి ఆయన ఒక్కసారి కూడా ఈ బల్ల దగ్గరికి తీసుకురాలేదు. ఎందుకో ఆ కాసేపట్లోనే తెలిసింది.

"మా అన్నకు ఊరంటె పాణం" అన్నాడు నర్సయ్య. "పదైదేండ్లాయె రాక. తల్లి సచ్చినా రాలె. కని ఫోన్ చేసినప్పుడల్లా ఊరి ముచ్చటే. రేపు పెట్టెను నేనే తీస్కపోతున్న. బస్సు దిగే కాడ గిర్ని ఉండె. ఆడ దించి, వాగు దాటిచ్చి, గుట్ట కిందికెల్లి తీస్కపోయి..."

"గిర్ని గోడకు రంగు ఉండాదా?" అంది ఓబులమ్మ.

నర్సయ్య ఆగాడు. "ఆఁ?"

ఆమె లేచి ముందుకొచ్చింది. బల్లమీద ఎవరిదో టీ గ్లాసు ఉంటే అందులో వేలు ముంచింది.

"ఇది గిర్ని. గోడ సగం నీలం."

"అవు."

"పెయింటరు నిచ్చెన మీంచి పడినాడు."

"మా చిన్నాయినే! నడుము ఇరిగింది." నర్సయ్య ముఖం వెలిగింది. "నీకెట్ల ఎరుక అక్కా? మా ఊరికి వచ్చినవా?"

ఆమె తల ఎత్తకుండా గీత గీస్తూ పోయింది. "ఈడ వాగు. కల్వర్టుకు ఒక పక్క రాయి లేదు."

"లేదు."

"గుట్ట మీద గుండు. దాని మీద ఇంకో గుండు."

"అవు."

"ఈడ దుకాణం. ఆయమ్మకు ఒక కన్ను లేదు."

"ఎల్లవ్వ" అన్నాడు నర్సయ్య. ఈసారి గొంతు తగ్గింది. గదిలో ముఖాలు చూసి ఏదో జరిగిందని అతనికి అర్థమైంది. ఏమిటో మాత్రం తెలియలేదు. వెనకాల ఎవరో డ్రైవరు, "నాకు గూడా ఇదే ఊరు చెప్పినాడే, వచ్చే నెల పొమ్మన్నాడే" అని గట్టిగానే అన్నాడు.

ఓబులమ్మ బల్లను చూస్తూ నిలబడింది. "అయితే మెక్సికో యాడుంది?" అంది. ఎవరినీ చూడకుండా అడిగింది. చున్నీ కొసతో బల్ల తుడిచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె ఏడ్చి ఉంటే మాకు కాస్త సులువుగా ఉండేది.

సంగతంతా ఖలీల్ నర్సయ్యకు చెప్పాడు. నర్సయ్య విని, "అన్న ఊరు మరువలె సారూ. గంతే. మనసుల అదొక్కటే ఉండె. ఎవలన్న అడిగితె అదే వచ్చింది నోటికి" అన్నాడు.

"ఊరిని ప్రేమించేవాడు ఊరికి వెళ్తాడు నర్సయ్యా. దాన్ని తీసుకుపోయి ఇంకొకడి దారికి అడ్డం పెట్టడు" అన్నాను.

"అరే సాబ్, పోనీయిండ్రి. మయ్యత్ మార్చురీల ఉంది ఇంకా" అన్నాడు ఖలీల్. మళ్ళీ తనే, "మంచోడే సాబ్. అదే ఖతర్నాక్. మంచోడు గాకపోతే ఎవడు నమ్ముతుండె ఆయనను?" అన్నాడు.

ఇంటికి నడుస్తూ దాని గురించే ఆలోచించాను. తనకు తెలియని చోటికి మనుషుల్ని పంపుతున్నానని ఆయనకు తెలుసు. తెలియదు అనడానికి నోరు రాలేదు. అందరి ఊళ్ళూ వాళ్ళ నోటనే చెప్పించి గుమ్మం దాకా తీసుకుపోయే మనిషికి, మొదటిసారి ఎవరూ దారి చెప్పలేని ఊరు తగిలింది. అప్పుడు తన దగ్గర ఉన్నదే ఇచ్చాడు. పదిహేనేళ్ళుగా వెళ్ళకుండా దాచుకున్నది. నర్సయ్య దాన్ని ప్రేమ అంటున్నాడు. అనుకోనివ్వండి. ఆ ప్రేమకు సుబ్బరాయుడనే ఒక మనిషి, నాగజెముడు మీద జోకు వేసి అందరినీ నవ్వించిన మనిషి, ఏ దేశపు మట్టిలో ఉన్నాడో తెలియకుండా పోయాడు. వారం వారం ఊరు వినిపించకపోయి ఉంటే ఓబులమ్మ మొదటి నెలలోనే నలుగురి తలుపులూ తట్టి ఉండేది. ఆమెను ఆయన నారింజ తొనలతో కూర్చోబెట్టాడు.

మరునాడు, శనివారం పొద్దున, ఆసుపత్రి మార్చురీ గేటు దగ్గర కలిశాం. పెట్టెను ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయే బండి వచ్చింది. దానితో పాటు విమానంలో వెళ్ళేది నర్సయ్యే. కొత్త చొక్కా వేసుకుని, కాగితాల సంచి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఖలీల్, నేను పంపించడానికి వచ్చాం. అద్దాల అవతల కనుమరుగయ్యేదాకా చెయ్యెత్తి నిలబడటానికి ఈసారి ఆయన లేడు.

ఖలీల్ ఫోన్ మోగింది. ఓబులమ్మ. ఆమెకు రాయడం రాదు, మాట రికార్డు చేసి పంపుతుంది. ముందొక ఫోటో వచ్చింది. కారు బానెట్‌కు ఆనుకుని నిలబడ్డ సుబ్బరాయుడు, ఎండకు కళ్ళు చికిలించి. తర్వాత మాట. ఖలీల్ శబ్దం పెంచి ఫోన్ నర్సయ్య వైపు పట్టాడు. వెనక వంటింట్లో గిన్నెల చప్పుడు, ఎవరో అరబిక్‌లో పిలవడం వినిపిస్తున్నాయి.

"నర్సన్నా, మా తమ్ముని ఫోటో పెట్టినా. మీ ఊర్లో అందరికీ చూపీ. నాకు తెలుసులేన్నా, ఆడ లేడు. ఆ మాత్రం బుద్ధి ఉండాది నాకు. కానీ నేను యాడని అడగాల? ఆయప్ప నాకు చెప్పింది ఆ ఊరొక్కటే. ఇంగో ఊరు నాకు తెలీదు. ఆ కన్ను లేని ఆయమ్మకు చూపీ. మా వానికి బువ్వ పెట్టినాదేమో అడుగు."

నర్సయ్య మమ్మల్ని చూశాడు. "ఎల్లవ్వ సచ్చిపోయి ఏండ్లాయె సారూ. గిర్ని కూలగొట్టి ఫంక్షన్ హాల్ కట్టిన్రు. అన్నకు ఎవ్వలు చెప్పలె ఈ సంగతి. ఇప్పుడు ఎట్లుందని అన్న ఎన్నడు అడగలె."

"యల్లా, యల్లా" అని డ్రైవరు తొందరపెట్టాడు. పెట్టెను లోపలికి తోసి తలుపు వేశారు.

నర్సయ్య ఖలీల్ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఉన్న మాట చెప్పేస్తాడనుకున్నాను. నోటి దగ్గర పెట్టుకుని, "సరే అక్కా" అన్నాడు. "ఎల్లవ్వకు చూపిస్త. తప్పకుంట అడుగుత. నువ్వు రంది వెట్టుకోకు."

ఎక్కడా తడబడలేదు. గొంతు మెత్తగా, నమ్మకంగా ఉంది. గుట్ట నీడ గిర్ని మీద పడుతుందని నాకు చెప్పిన గొంతు అదే. నేను చెయ్యి చాచేలోపే ఆ మాట వెళ్ళిపోయింది. నర్సయ్య ఫోన్ తిరిగిచ్చి, కళ్ళు తుడుచుకుని, బండెక్కాడు.

బండి మలుపు తిరిగాక ఓబులమ్మ జవాబు వచ్చింది.

"సరేన్నా. వాగు కాడ జాగ్రత్త. కల్వర్టుకు ఒక పక్క రాయి లేదు."